పక్కిల్లు పాడుబడింది సరే, యజమాని లేడని ఎవరన్నారు?

మా ఊళ్ళో మా ఇంటికి ఉత్తరాన ఒక పెంకుటిల్లు ఉండేది. ఆ ఇంటి మామ్మగారు 2006లో పెద్దకొడుకు దగ్గరకి హైదరాబాద్ వెళ్తూ వీధి తలుపుకి తాళం వేసుకుని వెళ్ళారు, ఆ తాళం మళ్ళీ ఎవరూ తియ్యలేదు. 2009లో ఆవిడ అక్కడే పోయారు. ఆ తర్వాత వసారా పెంకులు జారాయి, దూలానికి చెద పట్టింది, గోడ పగుల్లో రావి మొక్క మొలిచి నాలుగేళ్ళకే మా ప్రహరీ మీదకి కొమ్మలేసింది. పెరట్లో పిచ్చి చెట్లు నడుం ఎత్తున పెరిగాయి. మా అమ్మ దండెం మీద బట్టలారేయడానికి కూడా చేతిలో కర్ర పట్టుకుని వెళ్ళేది, పాముల భయానికి.

ఊళ్ళో అందరూ ఒకటే సలహా ఇచ్చారు. "వాళ్ళెవరూ రార్రా, ప్రహరీ కలిపేసుకుని కూర్చో, 12 ఏళ్ళు గడిస్తే చట్టప్రకారం నీదే." రచ్చబండ దగ్గరా, టీ కొట్టు దగ్గరా ఈ 12 ఏళ్ళ మాట వినని తెలుగువాడు ఉండడేమో. ఇందులో ముప్పాతిక వంతు అపోహ. మిగిలిన పాతిక వంతు నిజమే గానీ, దాన్ని నమ్ముకుని దిగినవాళ్ళు కోర్టు మెట్లెక్కి ఏళ్ళ తరబడి దిగలేదు.

నేను మూడేళ్ళు తిరిగి ఆ ఇంటిని కొన్నాను, కబ్జా చెయ్యలేదు. ఆ తిరుగుడులో నాకు అర్థమైంది ఒకటే. మన దగ్గర పాడుబడ్డ ఇళ్ళకి యజమాని లేకపోవడం చాలా అరుదు, అసలు చిక్కల్లా యజమానులు ఎక్కువైపోవడమే. ఇల్లు కొనే పని కాస్తా సంతకాలు పోగేసే పని అవుతుంది.

మా పక్కింటినే తీసుకుందాం. స్థలం మామ్మగారి భర్త, అంటే ఆ ఇంటి తాతగారు, 1961లో సొంత డబ్బుతో కొన్నారు, రిజిస్టర్డ్ దస్తావేజు ఉంది. ఆయన వీలునామా రాయకుండా 1998లో పోయారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడి స్వార్జితం ఆయన భార్యకి, కొడుకులకి, కూతుళ్ళకి, తల్లి బతికుంటే ఆవిడకి కూడా సమానంగా వస్తుంది. తాతగారి తల్లి అప్పటికే లేరు. కాబట్టి మామ్మగారు, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు, మొత్తం అయిదు వాటాలు. మామ్మగారు పోయాక ఆవిడ వాటా నలుగురు పిల్లలకీ సర్దుకుంది, తలా పాతిక వంతు. ఇక్కడిదాకా బాగానే ఉంది. 2014లో పెద్దకూతురు పోయింది. ఆవిడ పాతిక వంతు మళ్ళీ మూడు ముక్కలు: భర్తకి ఒకటి, ఇద్దరు పిల్లలకి చెరొకటి. అంటే ఒక్కొక్కరికీ పన్నెండో వంతు. చూస్తే ఒక పెంకుటిల్లు, లెక్కేస్తే ఆరు సంతకాలు, అందులో ఒకటి డల్లాస్‌లో, ఇంకొకటి నేను మొదటిసారి వాకబు చేసినప్పటికి పదహారేళ్ళ కుర్రాడిది.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోట్లు రెండున్నాయి. ఒకటి, "ఆడపిల్లలకి కట్నాలిచ్చి పంపేశాం, వాళ్ళ సంతకాలెందుకు" అనే మాట. ఇది మన ఊళ్ళలో ఇంకా గట్టిగానే వినిపిస్తుంది, పెద్దకొడుకు గారూ మొదట నాతో ఇదే అన్నారు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా వదులుకున్నట్టు కాదు. తండ్రి స్వార్జితంలో కూతురికి 1956 నుంచీ వాటా ఉంది. ఉమ్మడి పిత్రార్జితంలో అయితే మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబర్ 5 నుంచి అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి, దేశమంతా 2005 సెప్టెంబర్ 9 సవరణతో కూతుళ్ళందరికీ హక్కు వచ్చింది. ఆ సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండాలా అక్కర్లేదా అనే వివాదాన్ని కూడా సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో తేల్చేసింది, అక్కర్లేదని. కాబట్టి కూతుళ్ళ సంతకం లేకుండా ఇద్దరు కొడుకులు మీకు ఇల్లు రాసిస్తే మీరు కొన్నది సగం ఇల్లు, సగం దావా.

రెండోది చనిపోయిన కూతురి భర్త. ఆవిడకి పుట్టింటి నుంచి వచ్చిన ఆస్తి, పిల్లల్లేకుండా పోతే తిరిగి తండ్రి తరఫు వారసులకి వెళ్తుంది. అందుకే "అల్లుడికి ఏం సంబంధం" అనుకుంటారు. పిల్లలుంటే మాత్రం భర్త కూడా పిల్లలతో సమానంగా వారసుడే. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నా అంతే.

సరే, ఆ 12 ఏళ్ళ సంగతి.

1963 నాటి కాలపరిమితి చట్టంలో 65వ ఆర్టికల్ అని ఒకటుంది. నా ఆస్తి వేరేవాడి స్వాధీనంలో ఉంది, అది నాకు ఇప్పించండి అని యజమాని దావా వెయ్యడానికి 12 ఏళ్ళు గడువు. గడువు ఎప్పటి నుంచి? ఆ వేరేవాడి స్వాధీనం యజమానికి వ్యతిరేకంగా మారిన రోజు నుంచి. ఇల్లు ఖాళీ అయిన రోజు నుంచి కాదు, యజమాని ఊరొదిలిన రోజు నుంచీ కాదు. గడువు దాటితే అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం యజమాని హక్కే పోతుంది. లాయర్లు దీన్ని అడ్వర్స్ పొసెషన్ అంటారు, తెలుగులో ప్రతికూల స్వాధీనం అని రాస్తారు. ప్రభుత్వ స్థలమైతే గడువు 30 ఏళ్ళు.

చదివితే సులువుగానే ఉంటుంది. కోర్టులో నిరూపించాల్సినవి వింటే మాత్రం చెమట పడుతుంది. ఏ తారీఖున స్వాధీనంలోకి వచ్చావు, ఎలా వచ్చావు, యజమాని ఎవరో తెలుసా, ఆయనకి తెలిసేలా బాహాటంగా ఉన్నావా, ఒక్కరోజు తెగకుండా ఉన్నావా, నాదే అని ఉన్నావా లేక ఖాళీగా ఉంది కదాని వాడుకున్నావా. దొంగచాటుగా ఉంటే చెల్లదు, దౌర్జన్యంగా దూరినా చెల్లదు, అనుమతితో ఉంటే అసలే చెల్లదు.

ఈ చివరి దాంట్లోనే నూటికి తొంభై మంది పడిపోతారు. మా బాబాయి ఆ ఇంటి పెరట్లో పదిహేనేళ్ళు గేదెల్ని కట్టేశాడు. ఊళ్ళో లెక్క ప్రకారం ఆ పెరడు ఆయనది అయిపోవాలి. కానీ మామ్మగారు వెళ్ళేరోజు బస్సెక్కే ముందు బాబాయిని పిలిచి, "ఒరే అబ్బాయ్, నువ్వే చూస్తూ ఉండాలి, కాస్త పెరడు శుభ్రంగా ఉంచు, గేదెల్ని కట్టేసుకో కావాలంటే" అంది. పక్కన నలుగురు విన్నారు. ఆ ఒక్క మాటతో పదిహేనేళ్ళూ సున్నా. అనుమతితో ఉన్నవాడు, కాపలా ఉన్నవాడు, అద్దెకున్నవాడు ఎన్నేళ్ళున్నా యజమాని తరఫున ఉన్నట్టే లెక్క. 2012లో మరియా మార్గరీడా కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి కుండబద్దలు కొట్టింది, వాచ్‌మన్ గానీ కేర్‌టేకర్ గానీ ఎంతకాలం ఉన్నా హక్కు పుట్టదని.

మీరు ఆ ఇంటివాళ్ళ బంధువులైతే ఇంకా కష్టం. ఉమ్మడి ఆస్తిలో ఒక వాటాదారు ఉంటే మిగతావాళ్ళంతా ఉన్నట్టే చట్టం చూస్తుంది. "మీకెవరికీ వాటా లేదు పొండి" అని వాళ్ళకి తెలిసేలా బయటపెట్టినట్టు రుజువు చూపిస్తే తప్ప 12 ఏళ్ళ గడియారం తిరగడమే మొదలవదు.

కోర్టుల మాట కూడా ఒక తీరుగా లేదు. 2008లో హేమాజీ వాఘాజీ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్నే తప్పుపట్టింది, నిజాయతీ లేని వాడికి లాభం, యజమానికి నష్టం అవుతోంది, ప్రభుత్వం మళ్ళీ ఆలోచించాలి అని. 2013లో ఇంకో తీర్పు, యజమాని దావా వేస్తే ఇది అడ్డుపెట్టుకోవచ్చు గానీ, నాకు హక్కు ప్రకటించండని ముందుగా మీరే దావా వెయ్యడానికి లేదంది. 2019 ఆగస్టులో రవీందర్ కౌర్ గ్రేవాల్ కేసులో ముగ్గురు జడ్జీలు దాన్ని తిరగరాసి, దావా కూడా వెయ్యొచ్చన్నారు. 2023లో లా కమిషన్ తన 280వ నివేదికలో ఉన్న చట్టాన్ని మార్చక్కర్లేదంది. అంటే దారి తెరిచే ఉంది, కాకపోతే ముళ్ళు తియ్యలేదు.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి. కొనుక్కునే దారి, 12 ఏళ్ళ దారి ఒకదానికొకటి పొసగవు. మీరు వాళ్ళకి "ఇల్లు అమ్ముతారా" అని ఒక్క వాట్సాప్ మెసేజ్ పెట్టారంటే, అది వాళ్ళదేనని ఒప్పుకున్నట్టు. రేపు అదే మెసేజ్ కోర్టులో మీ మీద సాక్ష్యం. అలాగని అడక్కుండా గునపంతో తాళం పగలగొడితే అది గృహ అక్రమ ప్రవేశం, భారతీయ న్యాయ సంహితలో 329వ సెక్షన్. పైగా మన రెండు రాష్ట్రాల్లో దీనికి ప్రత్యేకంగా భూకబ్జా చట్టం కూడా ఉంది, ఉమ్మడి రాష్ట్రంలో 1982లో తెచ్చింది. ఆ 82 చట్టంలోనే ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ దాకా జైలు ఉంది. మామూలు క్రిమినల్ కేసులో తప్పు చేశావని వాళ్ళు నిరూపించాలి, ఇందులో ఆ స్థలం వాళ్ళదని పైపైన తేలితే చాలు, కబ్జా కాదని నిరూపించుకునే బరువు మీ మీద పడుతుంది. కాబట్టి నా మటుకు నేను ఎవరికైనా చెప్పేది, ఇప్పటికే ముప్ఫై ఏళ్ళుగా నిజంగా మీ స్వాధీనంలో ఉండి, ఎవరో వచ్చి మీ మీద దావా వేస్తే ఆ ఆర్టికల్ 65ని అడ్డుపెట్టుకోండి. ఈరోజు గోడ దూకి 12 ఏళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టకండి.

ఇంటి పన్ను గురించీ చెప్పాలి. "పన్ను పదేళ్ళుగా నేనే కడుతున్నా, రసీదులు నా దగ్గరున్నాయి" అని ధీమాగా తిరిగేవాళ్ళని చూశాను. పంచాయతీవాళ్ళకి పన్ను వస్తే చాలు, ఎవరు కట్టినా తీసుకుంటారు. రసీదు హక్కు పత్రం కాదు. కరెంటు బిల్లూ అంతే. పంచాయతీ రిజిస్టర్‌లో పేరు మార్పించుకున్నా అది పన్ను కట్టే మనిషి పేరు మాత్రమే. స్వాధీనానికి ఓ చిన్న సాక్ష్యంగా పనికొస్తాయి, అంతకు మించి కాదు.

మరి మొదలెట్టేది ఎక్కడ? మొదట ఇల్లు ఎవరి పేరున ఉందో కాగితం మీద చూడాలి. పంచాయతీలో ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టర్ చూస్తే ఒక పేరు దొరుకుతుంది, అది చాలాసార్లు చనిపోయిన మనిషిదే. ఆ తర్వాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. రెండు రాష్ట్రాల్లోనూ ఆన్‌లైన్‌లో 1983 నుంచి లావాదేవీలు కనిపిస్తాయి, అంతకు ముందువి కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అప్లికేషన్ పెట్టి పాత ఇండెక్సులు వెతికించాలి. ఇక్కడ చాలామందికి తెలియని వెసులుబాటు ఉంది. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో నంబరు పుస్తకాన్ని ఎవరైనా ఫీజు కట్టి చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు, మీరు యజమానే కానక్కర్లేదు. వీలునామాలు మాత్రం వేరే పుస్తకంలో ఉంటాయి, రాసినవాళ్ళు బతికున్నంతకాలం వాటి నకళ్ళు బయటివాళ్ళకి ఇవ్వరు. పైగా వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి తెల్లకాగితం మీద రాసిన వీలునామా ఏ ట్రంకు పెట్టెలో ఉందో ఎవరికీ తెలీదు. వారసులందరి సంతకం తీసుకోమనేది అందుకే, ఫలానావాడికే రాశారని తర్వాత తేలినా వాడూ అమ్మినవాళ్ళలో ఉంటాడు.

నేను నకలు తీయించిన 1961 దస్తావేజు చూసినప్పుడు గమ్మత్తుగా అనిపించింది. హద్దుల్లో దక్షిణం వైపు మా తాత పేరు ఉంది. తూర్పు పంచాయతీ వీధి, పడమర ఎవరిదో పశువుల దొడ్డి, ఉత్తరం డొంక. విస్తీర్ణం అయిదు సెంట్లు, అంటే 242 గజాలు. టేపు పెట్టి కొలిస్తే 226 వచ్చింది. సిమెంటు రోడ్డు వేసినప్పుడు వీధి వైపు కొంత పోయింది, పడమర గోడ కట్టినవాళ్ళు ఓ అడుగు లోపలికి జరిగారు. పాత దస్తావేజులో గజాలకీ, నేల మీది గజాలకీ తేడా లేని ఇల్లు నేనింతవరకూ చూళ్ళేదు. డబ్బు నేల మీద ఉన్నవాటికే ఇవ్వాలి, దస్తావేజులో మాత్రం హద్దులు, కొలతలు రెండూ సరిచూసి రాయించుకోవాలి.

అసలు దస్తావేజే లేని ఇళ్ళు బోలెడు. గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, తరతరాలుగా ఉంటున్నవాటికి పట్టా ఉండదు, సర్వే సబ్ డివిజన్ ఉండదు, పొలాల రికార్డుల్లో అవి కనపడవు. అక్కడ పాత పన్ను రిజిస్టర్లూ, పక్కింటివాళ్ళ దస్తావేజుల్లో హద్దుగా రాసిన పేర్లూ, కుటుంబంలో ఎప్పుడో రాసుకున్న పంపకాల కాగితాలే ఆధారం. 2020లో కేంద్రం స్వామిత్వ పేరుతో డ్రోన్లతో గ్రామాల ఇళ్ళు కొలవడం మొదలెట్టింది ఈ లోటు పూడ్చడానికే. మీ ఊళ్ళో ఆ కొలతలు జరిగి ఉంటే ఆ ఇల్లు ఎవరి పేరున నమోదైందో తప్పకుండా చూడండి, ఖాళీ ఇంటిని ఇంకెవరో తమదిగా రాయించుకుని ఉండే అవకాశం లేకపోలేదు.

ఆ స్థలం సర్వే నంబరు, రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద ఉండే నిషేధిత జాబితాలో ఉందేమో కూడా ముందే చూసుకోవాలి. దేవాదాయ భూమో, వక్ఫ్ భూమో, ప్రభుత్వం పేదలకిచ్చిన పట్టా స్థలమో అయితే మీరు ఎంతమంది సంతకాలు తెచ్చినా రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. హైదరాబాద్ పాత ఇళ్ళకి ఇంకో మెలిక, శత్రు ఆస్తి. పాకిస్తాన్ వెళ్ళి అక్కడి పౌరులైపోయినవాళ్ళ ఆస్తులు 1968 చట్టం కింద కేంద్రం నియమించిన కస్టోడియన్ చేతిలో ఉంటాయి, 2017 సవరణ తర్వాత వాటిని వారసులు అమ్మినా చెల్లదు. ఇంటి మీద అప్పుందేమో కూడా చూడాలి, ఈసీలో కనపడని తాకట్టు ఒక్కోసారి సెర్సాయ్ అనే తాకట్టుల కేంద్ర రిజిస్టర్‌లో వెతికితే బయటపడుతుంది.

నిజంగానే వారసులు ఒక్కరూ లేకపోతే? అప్పుడైనా పక్కింటివాడికి రాదు. హిందూ వారసత్వ చట్టం 29వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వానికి వెళ్తుంది, మన దగ్గర దీనికి 1974లో ప్రత్యేక చట్టం చేశారు. ప్రభుత్వం విచారణ జరిపి స్వాధీనం చేసుకుంటుంది, ఆ తర్వాత దాన్ని అమ్మాలో ఉంచుకోవాలో వాళ్ళిష్టం. ఇటలీలో ఒక్క యూరోకి ఇల్లు, జపాన్‌లో దాదాపు 90 లక్షల ఖాళీ ఇళ్ళు అంటూ యూట్యూబ్‌లో చూసి మన దగ్గరా అలాంటి స్కీమ్ ఏదో ఉంటుందని ఫోన్ చేసిన మిత్రులున్నారు. లేదు నాయనా.

కాగితం మీద పేర్లు దొరికాక మనుషుల్ని వెతకాలి, పనిలో సగం ఇదే. ఎక్కడో పెళ్ళిలో కలిసిన బంధువు, ఊళ్ళో పాత కిరాణా కొట్టాయన, అర్చకుడు, పోస్ట్‌మ్యాన్, వీళ్ళకి తెలిసినంత ఏ రికార్డుకీ తెలీదు. రెండు రాష్ట్రాల్లోనూ మొదట అడిగేది ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. అది కుటుంబంలో ఎవరెవరున్నారో చెబుతుంది, హక్కు ఎవరిదో తేల్చదు. ఒక వారసుడు ఏళ్ళ తరబడి జాడ లేకపోతే, అతని కబురు తెలియాల్సినవాళ్ళకే ఏడేళ్ళుగా కబురు లేదని కోర్టులో చూపిస్తే చనిపోయినట్టు భావించే వీలుంది, కానీ అది ఆ కుటుంబం చేసుకోవాల్సిన పని.

పెద్దకొడుకు గారికి నేను మొదట ఫోన్ చేసినరోజు ఇంకా గుర్తుంది.

"అన్నయ్యా, ఆ ఇల్లు అమ్మే ఉద్దేశం ఏమన్నా ఉందా?"

"అమ్మడమా? నాన్న రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిన ఇల్లురా అది! నువ్వు ఎలా అడిగావసలు?"

ఫోన్ పెట్టేశారు. ఇరవై రోజులకి ఆయనే చేశారు. "తమ్ముడూ, ఊరికే అడుగుతున్నాలే, అక్కడ గజం ఎంత నడుస్తోందిప్పుడు?"

ఈ గజం ఎంత అనే ప్రశ్న మొదలైందంటే బేరం మొదలైనట్టే. కాకపోతే ఆ వెంటనే ఇంకో ప్రమాదం ఎదురవుతుంది. అన్నదమ్ముల్లో ఒకడికి డబ్బు అర్జెంటు, "మిగతావాళ్ళ సంగతి తర్వాత, ముందు నా వాటా నువ్వు కొనేసుకో" అంటాడు. చట్టం ఒప్పుకుంటుంది కూడా. కానీ కొన్నాక మీకు దక్కేది ఇల్లు కాదు, విభజన దావా వేసుకునే హక్కు. ఉమ్మడి కుటుంబపు నివాస గృహంలో బయటివాడు వాటా కొంటే, వాళ్ళతో కలిసి ఆ ఇంట్లో స్వాధీనం అడిగే హక్కు ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ ఇవ్వదు. మీరు విభజన దావా వేస్తే, 1893 నాటి విభజన చట్టం కింద ఆ కుటుంబంలో ఎవరైనా కోర్టు కట్టిన ధరకి మీ వాటా తిరిగి కొనేసుకోవచ్చు. అసలు అమ్మే ముందే మిగతా వారసులకి మొదట కొనే హక్కు హిందూ వారసత్వ చట్టం 22వ సెక్షన్‌లో ఉంది. తిరిగి తిరిగి మళ్ళీ ఆరు సంతకాల దగ్గరికే వస్తాం.

ఒక్కోసారి సులువైన ఉపాయం ఉంటుంది. వాటాదారులంతా వాళ్ళలో ఒకరికి హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేసేస్తే, ఆ ఒక్కరూ మీకు అమ్ముతారు. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఒకే తారీఖున ఒకే చోటికి రాలేనప్పుడు ఇది బాగుంటుంది, ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉంటేనే సుమా. మా పక్కింటివాళ్ళకి అంత నమ్మకం లేదు, అందరం కలిసే సంతకాలు పెడతామన్నారు.

పదహారేళ్ళ కుర్రాడి విషయంలో వాళ్ళ నాన్న, "నేను గార్డియన్‌ని, వాడి తరఫున నేనే పెడతా" అన్నారు. మా లాయరు గారు ససేమిరా అన్నారు. మైనర్ స్థిరాస్తిని తండ్రయినా సరే కోర్టు అనుమతి లేకుండా అమ్మకూడదు. అమ్మితే ఆ పిల్లాడు మేజరయ్యాక మూడేళ్ళలోపు వచ్చి ఈ అమ్మకం నాకు చెల్లదు అనొచ్చు. కోర్టుకి వెళ్ళాలా, రెండేళ్ళు ఆగాలా అని ఆలోచించి ఆగాం. పద్నాలుగేళ్ళు ఖాళీగా ఉన్న ఇల్లు ఇంకో రెండేళ్ళలో పారిపోదు కదా.

డల్లాస్ అబ్బాయి రాలేడు, కాబట్టి పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారం ఇంకొకరికి ఇచ్చే కాగితం. విదేశంలో ఉన్నవాళ్ళు అక్కడి నోటరీ ముందు గానీ భారత కాన్సులేట్‌లో గానీ సంతకం చేసి పంపాలి, ఆ కాగితం ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించుకోవాలి. కవరు మీద పోస్టల్ తారీఖు ఉంటుంది, ఆ కవరు పారేయకండి. పవర్‌లో ఈ ఇంటి వివరాలు, అమ్మే అధికారం, డబ్బు తీసుకునే అధికారం స్పష్టంగా రాయించాలి. కొంతమంది బ్రోకర్లు "అమ్మకం ఎందుకు, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) రాయించుకుని డబ్బిచ్చెయ్యండి, ఖర్చు మిగులుతుంది" అంటారు. 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందే మళ్ళీ చెప్పాలంటే, జీపీఏతో యాజమాన్యం మారదు, రిజిస్టరైన అమ్మకం దస్తావేజుతోనే మారుతుంది.

ఎన్నారై వాటా ఉంటే పన్ను కోత కూడా మీ నెత్తినే. ఇక్కడ ఉంటున్నవాళ్ళ దగ్గర కొంటే 50 లక్షలు, ఆపైన అయితేనే ఒక శాతం టీడీఎస్. ఎన్నారైకిచ్చే డబ్బుకి ఆ 50 లక్షల హద్దు వర్తించదు, ఎంత చిన్న మొత్తమైనా పట్టుకోవాలి. మేం కొన్నప్పుడు దీర్ఘకాలిక లాభం మీద 20 శాతం లెక్క ఉండేది, 2024 జులై 23 నుంచి 12.5 శాతం, దానిపైన సెస్సు. ముందుగా ఇన్‌కమ్ ట్యాక్స్ నుంచి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరేసరి, లేకపోతే ఆయన లాభం ఎంతో మనకి తెలీదు కాబట్టి మొత్తం మీద కొయ్యాల్సి వస్తుంది, అప్పుడు ఆయన మనమీద అలుగుతాడు. మావాడూ అలిగాడు. ఆడిటర్ని ముందే కలిసి ఉంటే ఆ టెన్షన్ తప్పేది. అడ్వాన్స్ అయినా మిగతా డబ్బయినా 20 వేలు, అంతకు మించి నగదుగా ఇచ్చిపుచ్చుకోకూడదు, బ్యాంకు ద్వారానే.

ఈ మూడేళ్ళూ ఆ ఇంటిని ఎలా భరించామంటే, పంచాయతీకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకున్నాం. కూలిపోయేలా ఉన్న గోడలకీ, పాములకి ఆలవాలమైన స్థలానికీ యజమానికి నోటీసు ఇచ్చే అధికారం స్థానిక సంస్థలకుంది. వాళ్ళు ఏం చేశారో అడక్కండి గానీ, ఆ గోడ మా అమ్మ మీద పడి ఉంటే ఆ ఫిర్యాదు కాపీ పనికొచ్చేది. పిచ్చి చెట్లు కొట్టించడానికి పెద్దకొడుకు గారి దగ్గర వాట్సాప్‌లో అనుమతి తీసుకుని, కూలి డబ్బులు నేనే ఇచ్చాను. మీకు ఆ పెరటి మీదుగా నడక దారో, మీ వాన నీళ్ళు పోయే కాలువో ఇరవై ఏళ్ళు అడ్డూ ఆపూ లేకుండా, ఎవరి దయా లేకుండా హక్కుగా సాగి ఉంటే, ఇల్లు దొరక్కపోయినా ఆ దారి హక్కు ఈజ్‌మెంట్ చట్టం కింద నిలబెట్టుకోవచ్చు. చాలామందికి అసలు కావాల్సింది అదే, ఇల్లు కాదు.

రిజిస్ట్రేషన్‌కి ముందు లాయరు గారు పేపర్లో ఒక ప్రకటన వేయించారు, ఈ ఆస్తి ఫలానావారి దగ్గర కొనబోతున్నాం, అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పండి అని. దానివల్ల ఎవరి హక్కూ పోదు గానీ మీరు జాగ్రత్తగా కొన్నారని రేపు చూపించుకోవచ్చు. మా ప్రకటనకి ఒక్క ఫోన్ వచ్చింది, వేరే ఊళ్ళో స్థలం అమ్ముతాం కొంటారా అని. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ ఏడున్నర శాతం దాకా పడుతుంది, బేరం మాట్లాడేటప్పుడే ఈ లెక్క కలుపుకోండి. పాత ఇంటి పన్ను బకాయి పదిహేనేళ్ళది తేలింది, దాన్ని అమ్మకం డబ్బులో మినహాయించి మేమే కట్టి, ఆ రసీదు పెట్టి పంచాయతీలో పేరు మార్పించాం.

2022లో సంతకాలయ్యాయి. అందరూ ఊరికి వచ్చారు, డల్లాస్ అబ్బాయి వీడియో కాల్‌లో. తాళం చెవి ఎవరి దగ్గరా లేదు, మామ్మగారి చీర కొంగున ఉండి ఉంటుందన్నారు చిన్నకూతురు గారు. నేను సుత్తి తెచ్చి పెద్దకొడుకు గారి చేతికిచ్చాను. స్వాధీనం అప్పగించేది అమ్మినవాళ్ళు, కాబట్టి ఆ తాళం పగలాల్సింది వాళ్ళ చేత్తోనే. మూడు దెబ్బలకి ఊడింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు, అవతలి నుంచి రావి వేరు పట్టుకుంది. ఆయన భుజంతో నెట్టి నెట్టి లోపలికి వెళ్ళి, మాకు వినపడేలా "రండి" అన్నారు.